60 లీటర్లు ఎక్కడ పెట్టాలి?

ఇంటి గ్యారేజీలో సొంతంగా రెండు సీట్ల విమానం కట్టుకునేవాళ్లకు ఇంజను గురించి, రెక్క గురించి, రంగు గురించి వంద సందేహాలుంటాయి. వాటిలో ప్రాణానికి బాగా దగ్గరగా ఉండేది ఒకటుంది: ఇంధనం ట్యాంకు ఎక్కడ పెట్టాలి? 100 గుర్రాల ఇంజనున్న చిన్న విమానానికి 60 లీటర్ల ట్యాంకు అనుకుందాం. విమానాల పెట్రోలు, అంటే ఏవ్‌గ్యాస్, లీటరు 0.72 కిలోలు తూగుతుంది. 60 లీటర్లంటే 43 కిలోలు. కిలోకు దాదాపు 44 మెగాజౌళ్ల శక్తి చొప్పున మొత్తం 1,900 మెగాజౌళ్లు. మన వంటింట్లో వాడే 14.2 కిలోల గ్యాస్ సిలిండర్‌లో ఉండేది సుమారు 650 మెగాజౌళ్లు. అంటే నిండు సిలిండర్లు దాదాపు మూడింటిని మనతోపాటు గాల్లోకి తీసుకెళ్తున్నాం. పైగా ఈ ద్రవానికి సున్నా కింద 40 డిగ్రీల దగ్గర కూడా అంటుకునేంత ఆవిరి వస్తుంది. గాలిలో ఆ ఆవిరి ఒకటిన్నర శాతం ఉంటే చాలు, ఒక్క నిప్పురవ్వ పని పూర్తిచేస్తుంది.

అందుకే ట్యాంకు అనగానే అందరికీ ముందు తట్టేది మంట. ఆ భయం న్యాయమైనదే. కానీ ట్యాంకు చోటు మంటతో పాటు ఇంకా చాలా వాటిని నిర్ణయిస్తుంది. ఇంధనం ఇంజనుకు అందుతుందా లేదా, ఇంధనం ఖర్చయ్యేకొద్దీ విమానం బరువు ఎటు జరుగుతుంది, వాల్వు పైలట్ చేతికి అందుతుందా అన్నవి కూడా అక్కడే తేలతాయి. ఒక ప్రమాదాన్ని దూరం పెట్టబోయి ఇంకోదాన్ని ఒళ్లోకి తెచ్చుకున్న సందర్భాలు ఈ రంగంలో ఉన్నాయి. అందుకే చోటును భయంతో కాక లెక్కతో ఎంచుకోవాలంటాను.

ముందు ఈ విమానాల సంగతి కొంత చూద్దాం. అమెరికాలో ఔత్సాహికులు సగానికి పైగా తమ చేతులతో కట్టుకున్న విమానాలకు ‘ఎక్స్‌పెరిమెంటల్’ తరగతి కింద అనుమతి ఇస్తారు. అక్కడి జాతీయ రవాణా భద్రతా మండలి, ఎన్‌టీఎస్‌బీ, 2012లో వీటి మీద ఒక అధ్యయనం వెలువరించింది. అప్పటికి ఇవి దాదాపు 33,000. ఎయిర్‌లైన్స్‌ను పక్కనపెట్టి చిన్నాచితకా పౌర విమానాలన్నీ లెక్కిస్తే వీటి వాటా 10 శాతం లోపు. అయినా 2011లో ఆ విభాగంలో జరిగిన ప్రమాదాల్లో 15 శాతం, ప్రాణాలు పోయిన ప్రమాదాల్లో 21 శాతం వీటివే. రెక్క విరిగి పడిపోవడం లాంటివి తక్కువే. జాబితాలో పైన ఉన్నవి రెండు: ఇంజను శక్తి పోవడం, గాల్లో అదుపు తప్పడం. ట్యాంకు చోటుకు ఈ రెండింటితోనూ సంబంధం ఉంది.

ట్యాంకు పెట్టగల చోట్లు ఎక్కువేం లేవు. ఇంజను వెనక, పైలట్ మోకాళ్ల పైన, అంటే ముక్కులో. రెక్కల్లో. సీట్ల వెనక. రెక్క మొదట్లో మొండేన్ని ఆనుకొని ఉబ్బెత్తుగా కట్టే భాగంలో. చిన్న విమానాల చరిత్రలో బాగా పేరుపడ్డది మొదటి చోటు. పైపర్ కబ్ జె-3లో 12 అమెరికన్ గ్యాలన్ల ట్యాంకు, అంటే 45 లీటర్లది, సరిగ్గా అక్కడే ఉంటుంది. దాని మూతలోంచి ఒక తీగ పైకి పొడుచుకొని ఉంటుంది. తీగ కింది కొసకు కార్కు ముక్క తగిలించి ఉంటుంది. ట్యాంకు నిండుగా ఉంటే తీగ బాగా పైకి కనిపిస్తుంది, ఇంధనం తగ్గేకొద్దీ కిందికి దిగుతుంది. సీట్లోంచి ముందు అద్దంలోంచి చూస్తే చాలు. బ్యాటరీ లేదు, సెన్సర్ లేదు, పంపు కూడా లేదు. పెట్రోలు తన బరువుకు తానే కార్బురేటర్‌లోకి జారుతుంది. ఈ సరళత చూసి హోమ్‌బిల్ట్ డిజైనర్లు ఎందరో ఇదే దారి పట్టారు. అల్యూమినియంతో కట్టే సోనెక్స్ కిట్‌లో కూడా 16 గ్యాలన్లు పట్టే ప్లాస్టిక్ ట్యాంకు ప్యానెల్ ముందు, కాళ్ల మీదుగా కూర్చుంటుంది.

తన బరువుకు తాను జారడం అంటే ఎంత బలంతో? ఏవ్‌గ్యాస్ ఒక మీటరు ఎత్తున నిలబడితే దాని అడుగున 7 కిలోపాస్కల్ ఒత్తిడి పుడుతుంది. ఇంజన్ల భాషలో ఒక పీఎస్‌ఐ. కార్బురేటర్ ఉన్న లైకమింగ్ ఇంజన్లకు కనీసం 0.5 పీఎస్‌ఐ కావాలి, అంటే అర మీటరు ఎత్తు. ఈ రోజుల్లో తేలిక విమానాల్లో ఎక్కువగా కనిపించే రోటాక్స్ 912కు కనీసం 0.15 బార్ కావాలి. దానికి రెండు మీటర్ల పైన ఎత్తు ఉండాలి. అంత ఎత్తు చిన్న విమానంలో ఎక్కడా దొరకదు. కాబట్టి రోటాక్స్ పెట్టుకునేవారు ‘ట్యాంకు పైన పెడితే పంపు అక్కర్లేదు’ అన్న ఆశ మొదటి రోజే వదులుకోవాలి. పాత చిన్న కాంటినెంటల్ ఇంజన్లు మాత్రం చాలా తక్కువ ఒత్తిడితోనే నడుస్తాయి. అక్కడ చూడాల్సింది నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్లు పారుతుందన్నది.

ఇంజను ముందు, ట్యాంకు వెనక ఉన్నప్పుడు ఆ ఎత్తు స్థిరంగా ఉండదు. నేల మీద ట్యాంకు అడుగు కార్బురేటర్ కంటే 30 సెంటీమీటర్లు పైన, 60 సెంటీమీటర్లు వెనక ఉందనుకోండి. విమానం 15 డిగ్రీలు ముక్కెత్తి పైకి లేస్తుంటే కార్బురేటర్ కూడా పైకి లేస్తుంది. త్రికోణమితి లెక్క వేస్తే 30 సెంటీమీటర్ల ఎత్తు 13.5కు పడిపోతుంది. సగం కూడా మిగలదు. ఒత్తిడి 0.14 పీఎస్‌ఐ. ఇంజను గరిష్ఠ శక్తితో గరిష్ఠంగా తాగుతున్న క్షణంలో, నేలకు కొన్ని వందల అడుగుల ఎత్తులో, ఇది జరుగుతుంది. అదే ట్యాంకు తల మీది రెక్కలో, కార్బురేటర్‌కు 90 సెంటీమీటర్ల పైన, ఒక మీటరు వెనక ఉంటే, అదే 15 డిగ్రీల్లో 61 సెంటీమీటర్లు మిగులుతుంది. 0.6 పీఎస్‌ఐ పైనే. హై వింగ్ విమానాల్లో గురుత్వాకర్షణ మీద ధైర్యంగా ఆధారపడటానికి కారణం ఈ తేడాయే.

ఆ 13.5 సెంటీమీటర్లకు ఇంకో శత్రువు ట్యాంకు ఊపిరి పీల్చే గొట్టం, వెంట్. ఇంధనం బయటికి పోయినంత గాలి లోపలికి రావాలి. వెంట్ నోరు గాలికి ఎదురుగా ఉంటే గాలి వేగమే కొంత ఒత్తిడినిస్తుంది. సెకనుకు 35 మీటర్ల వేగంతో పైకి లేస్తున్నప్పుడు అది 750 పాస్కల్, అంటే 10 సెంటీమీటర్ల పైచిలుకు ఇంధనం ఎత్తుతో సమానం. మంచిదే. ట్యాంకు మూతను పొరపాటున తిప్పి బిగిస్తే నోరు వెనక్కి తిరిగి గాలి లోపలికి నెట్టే బదులు బయటికి లాగడం మొదలుపెడుతుంది. సుమారు అంతే ఎత్తు ఇప్పుడు మన ఖాతాలోంచి పోతుంది. మిగిలేది మూడు సెంటీమీటర్లు. ఇంజను ఆగడానికి ట్యాంకు ఖాళీ కానక్కర్లేదన్నమాట. నెలల తరబడి హ్యాంగర్లో నిలబడ్డ విమానం వెంట్‌లో కందిరీగ మట్టిగూడు కట్టినా ఇదే ఫలితం.

రెక్క కింద ఉండే విమానాల్లో కథ వేరు. ట్యాంకు ఇంజను కంటే కింద ఉంటుంది కాబట్టి పంపు పీల్చక తప్పదు. ఇంజను తిప్పే పంపు ఒకటి, దానికి తోడు కరెంటు పంపు ఇంకోటి. ఇక్కడ చాలామంది గమనించని చిక్కు ఒకటుంది. హై వింగ్ సెస్నాల్లో ఏ ట్యాంకులోంచి ఇంధనం తీయాలో ఎంచుకునే వాల్వును, అంటే సెలెక్టర్‌ను ‘రెండూ’ అన్న చోట పెట్టి మరిచిపోవచ్చు. లో వింగ్‌లో అలా కుదరదు. ఒక ట్యాంకు ముందు ఖాళీ అయితే పంపు రెండో ట్యాంకులోని పెట్రోలును వదిలేసి ఖాళీ ట్యాంకులోని గాలిని పీలుస్తుంది, ఎందుకంటే గాలి పీల్చడం తేలిక. అందుకే చాలా లో వింగ్ విమానాల్లో సెలెక్టర్‌కు ఎడమ, కుడి, ఆఫ్ అనే మూడు స్థానాలే ఉంటాయి. పైలట్ అరగంటకోసారి మార్చుకుంటూ ఉండాలి. కింది రెక్కలో ట్యాంకు పెట్టుకున్న క్షణమే పైలట్ చేతికి ఒక కొత్త పని పడింది. దీని దగ్గరికి మళ్లీ వస్తాను, ఎందుకంటే ఒక గాయకుడి ప్రాణం ఈ పని దగ్గరే పోయింది.

దానికంటే ముందు బరువు లెక్క. 540 కిలోలతో టేకాఫ్ అయ్యే విమానం, రెక్క వెడల్పు 1.2 మీటర్లు. ఇలాంటి విమానానికి గరిమనాభి రెక్క వెడల్పులో 15 నుంచి 30 శాతం మధ్య ఉండాలని డిజైనర్ చెప్పాడనుకుందాం. ఆ పరిధి మొత్తం 18 సెంటీమీటర్లు. ముక్కులోని ట్యాంకు గరిమనాభికి 70 సెంటీమీటర్ల ముందుంటే 43 కిలోల ఇంధనం భ్రామకం 30 కిలోగ్రామ్-మీటర్లు. అది పూర్తిగా ఖర్చయ్యేసరికి మిగిలిన 497 కిలోల విమానం గరిమనాభి 6 సెంటీమీటర్లు వెనక్కి జరుగుతుంది. అనుమతించిన పరిధిలో మూడో వంతు! టేకాఫ్ అప్పుడు లెక్క చూసుకుని తృప్తిపడ్డ పైలట్, దిగేటప్పటికి తోక బరువైన విమానంలో ఉంటాడు. తోక బరువైతే విమానం చపలంగా మారుతుంది, స్టాల్ అయితే, అంటే రెక్క ఎత్తే బలం కోల్పోతే, తేరుకోవడం కష్టమవుతుంది. కాబట్టి ముక్కు ట్యాంకున్న విమానానికి అసలు పరీక్ష ఖాళీ ట్యాంకుతో, నిండా సామానుతో చేయాలి. సీట్ల వెనక ట్యాంకుకు ఇదే లెక్క తిరగబడుతుంది: నిండా పోసుకుని బయల్దేరినప్పుడే తోక బరువు. రెక్కలోని ట్యాంకు గరిమనాభికి 10 సెంటీమీటర్ల దూరంలోనే ఉంటే జరిగేది 9 మిల్లీమీటర్లు. తూకం వరకే చూస్తే రెక్కకు పోటీ లేదు. పైగా గాల్లో రెక్కను పైకి వంచే బలానికి ఎదురుగా ఇంధనం బరువు కిందికి లాగుతుంది కాబట్టి రెక్క మొదలు మీద భారం కూడా తగ్గుతుంది. బరువును మరీ రెక్క కొసల దాకా తీసుకెళ్తే మాత్రం గిరగిర తిరుగుతూ పడిపోయే స్పిన్‌లోంచి బయటపడటం మొండికేస్తుంది. రెక్కల అదురు, అంటే ఫ్లటర్ లెక్కలు మళ్లీ వేసుకోవాలి.

ఇక మనిషికి ట్యాంకుకు మధ్య దూరం. పాత అమెరికన్ నిబంధనలు, పార్ట్ 23 అనేవి, అత్యవసర ల్యాండింగ్‌లో ముందు వైపుకు 9 జి బలాన్ని లెక్కలోకి తీసుకోమన్నాయి. హోమ్‌బిల్ట్ విమానాలకు ఇవి తప్పనిసరి కావు. 2017లో ఆ నిబంధనల రూపమే మారింది. అయినా తెలివైన బిల్డర్లు పాత అంకెలనే కొలబద్దగా వాడుతున్నారు, నేనూ అదే మంచిదంటాను. 9 జి అంటే ఏమిటి? గంటకు 83 కిలోమీటర్ల వేగంతో పొలంలో దిగిన విమానం గట్టుకు తగిలి 3 మీటర్ల దూరంలో ఆగిపోతే సగటున పడే బలం సరిగ్గా 9 జి. ఇది ఊహకందని ఘోర ప్రమాదమేమీ కాదు. సీటు బెల్టు సరిగ్గా బిగించుకున్న మనిషి దీన్నుంచి నడిచి బయటికి రాగలడు. ఆ క్షణంలో 43 కిలోల ట్యాంకు 387 కిలోల బరువులా ముందుకు దూకుతుంది. ముక్కు ట్యాంకు ముందు ఉన్నది వేడి ఇంజను. ఇంజను వెనక్కి నెట్టుకొస్తుంటే, ట్యాంకు దాని మీదికి వెళ్తుంది, వెనక మన మోకాళ్లుంటాయి. మనిషి బతికే దెబ్బలో ట్యాంకు పగలకూడదు. అసలు కొలత ఇదే.

పాత నిబంధనలు ఇంజను గదికీ క్యాబిన్‌కూ మధ్య ఉండే రేకు గోడ అయిన ఫైర్‌వాల్‌కు ఇంజను వైపున ట్యాంకు ఉండనే కూడదన్నాయి. ఇవతలి వైపున పెట్టినా ఫైర్‌వాల్‌కు ట్యాంకుకు మధ్య కనీసం అర అంగుళం సందు ఉండాలన్నాయి. ఆ 13 మిల్లీమీటర్లు చూడ్డానికి ఏమీ కాదనిపిస్తుంది. కానీ ఇంజను గదిలో మంట లేస్తే, రేకుకు అంటుకుని ఉన్న ట్యాంకుకూ సందులో గాలి ఉన్న ట్యాంకుకూ మధ్య ఉన్న తేడా, కిందికి దిగడానికి పైలట్‌కు దొరికే కొన్ని నిమిషాలు. మనుషులుండే చోట ట్యాంకు పెడితే, ఆవిరి రాకుండా ఇంకో పెట్టెలాంటి కప్పు వేసి, దాని కారుడును విమానం బయటికి తీసుకెళ్లాలని కూడా ఆ నిబంధనలు చెప్పాయి. హోమ్‌బిల్ట్‌లలో ఎక్కువగా ఎగ్గొట్టేది ఈ పెట్టెనే. బరువు పెరుగుతుందని, చోటు లేదని. నా మట్టుకు నాకు ఆ కిలోన్నర, రెండు కిలోల బరువు ఖరీదైనదని అనిపించదు.

ఒకే కంపెనీ ఈ ప్రశ్నకు వేర్వేరు రోజుల్లో వేర్వేరు జవాబులివ్వడం ఆసక్తికరంగా ఉంటుంది. ఆరెగాన్ రాష్ట్రంలోని వాన్స్ ఎయిర్‌క్రాఫ్ట్ మొదట్లో, 1970ల్లో, ఒంటి సీటు ఆర్‌వీ-3కి మొండెంలోనే ట్యాంకు పెట్టింది. తర్వాత దాన్ని రెక్కల ముందు అంచుల్లోకి తీసుకెళ్లింది. ఆ తర్వాత వచ్చిన ఆర్‌వీ-4, 6, 7, 8 అన్నీ అదే దారి. ఆర్‌వీ-7లో మొత్తం 42 గ్యాలన్లు, ఒక్కో వైపు దాదాపు 80 లీటర్లు. ఈ ట్యాంకు లోపలి కొసను మొండేనికి కలిపే చోట ముందువైపు బ్రాకెట్ ఒకటుంది. అరచేతిలో పట్టేంత చిన్న ముక్క. బోల్టు కూర్చునే చోట గుండ్రటి రంధ్రానికి బదులు గాడి ఉంటుంది. రెక్క దేనికైనా తగిలి వెనక్కి జరిగితే బోల్టు ఆ గాడిలోంచి జారిపోవాలి తప్ప ట్యాంకు పక్క రేకును చింపుకొని పోకూడదు. గాడి చూసి ‘ఇది బలహీనంగా ఉంది’ అని గుండ్రటి రంధ్రం వేసుకుంటే, ఆ బిల్డర్ తనను కాపాడే ఏర్పాటునే మూసేసుకున్నట్టు. అదే కంపెనీ తేలిక విమానం ఆర్‌వీ-12కి వచ్చేసరికి 20 గ్యాలన్ల ట్యాంకును సీట్ల వెనక సామాను చోటుకు తెచ్చింది. రెక్కలు సులువుగా ఊడదీసుకునేలా ఉండాలన్నది ఆ డిజైన్ కోరిక. ఊడే రెక్కలో ట్యాంకు పెడితే ప్రతిసారీ పైపులు విప్పి బిగించాలి, ప్రతి జాయింటూ కారే అవకాశమే. అందుకని 54 కిలోల ఇంధనాన్ని మనుషుల వీపు వెనక పెట్టారు. క్యాబిన్‌లో మనిషికి తగలగల సామానుకు పాత నిబంధనల అంకె 18 జి. ఆ లెక్కన ట్యాంకు బిగింపులు దాదాపు 970 కిలోల లాగుడు తట్టుకోవాలి. ఏ చోటైనా పనికొస్తుంది, దాని తాలూకు అంకెను నిజంగా మోయగలిగేలా కడితే.

ఇక లాంగ్-ఈజీ. బర్ట్ రూటన్ డిజైన్ చేసిన ఈ విమానం 1979లో తొలిసారి ఎగిరింది. ఇంజను వెనక, చిన్న రెక్క ముందు. రెక్క మొదట్లో రెండు వైపులా 26 గ్యాలన్ల చొప్పున ట్యాంకులు. ప్లాన్ల ప్రకారం సెలెక్టర్ వాల్వు ముందు పైలట్ కాళ్ల మధ్య ఉండాలి. టెక్సాస్‌లో ఈ విమానం కట్టిన ఒక బిల్డర్ ఆలోచన వేరు. పెట్రోలు పైపులు మనుషుల మధ్యకు రావడం ఆయనకు నచ్చలేదు. వాల్వును వెనక్కి, ఇంజను గోడ దగ్గరికి జరిపి, దాని పిడిని పైలట్ ఎడమ భుజం వెనక పెట్టాడు. ఇది నిర్లక్ష్యం కాదు. మంట భయంతో, భద్రత కోసం చేసిన మార్పు.

1997 అక్టోబరు 12న ఆ విమానంలో కాలిఫోర్నియాలోని మాంటెరీ విమానాశ్రయం నుంచి ఒంటరిగా లేచినవాడు అమెరికన్ గాయకుడు జాన్ డెన్వర్. అప్పటికి 2,700 గంటలకు పైగా ఎగిరిన అనుభవం ఉంది. ఈ విమానం మాత్రం కొత్తగా కొన్నది. బయల్దేరే ముందు వాల్వు పిడి అందడం లేదని ఆయనకూ మెకానిక్‌కూ మాటలు నడిచాయి. పట్టుకారు బిగించి పిడిని పొడిగించి చూశారు, అదీ కుదరలేదు. ఇంధనం మట్టం చూపే గాజుగొట్టాలు వెనక సీటు వైపున ఉన్నాయి, వాటి మీద గీతలు లేవు. వెనక్కి చూసుకోవడానికి చిన్న అద్దం ఇచ్చారు. గంటసేపే ఎగురుతాను, ఇంధనం అక్కర్లేదన్నాడు. పసిఫిక్ గ్రోవ్ తీరం దగ్గర, సుమారు 500 అడుగుల ఎత్తులో ఇంజను శబ్దం తగ్గినట్టు కింద ఉన్నవాళ్లు విన్నారు. విమానం సముద్రంలో పడింది.

దర్యాప్తు చేసినవాళ్లు అదే ఏర్పాటులో పైలట్‌ను కూర్చోబెట్టి చూశారు. వాల్వు తిప్పాలంటే నాలుగు పనులు చేయాలి. విమానం నడిపే కుడి చేతిని కంట్రోలు మీంచి తీయాలి. భుజాల బెల్టు వదులు చేయాలి. ఒంటిని ఎడమకు పూర్తిగా తిప్పాలి. ఆ కుడి చేత్తో భుజం వెనక పిడిని పట్టుకుని తిప్పాలి. ఇలా ఒళ్లు తిప్పేటప్పుడు ఆసరా కోసం కుడి కాలు చాపడం సహజం. ఆ కాలి కింద విమానం ముక్కును పక్కకు తిప్పే కుడి రడ్డర్ పెడల్ ఉంది. 500 అడుగుల నుంచి నిమిషానికి 800 అడుగుల చొప్పున దిగుతున్న విమానంలో పైలట్‌కు ఉండేది 38 సెకన్లు. వాల్వు తిప్పే ప్రయత్నంలో దృష్టి మళ్లి, తెలియకుండా కుడి రడ్డర్ నొక్కడం వల్ల అదుపు తప్పిందని ఎన్‌టీఎస్‌బీ తేల్చింది. ఇంధనం నింపుకోకుండా బయల్దేరడాన్నీ కారణంగానే చేర్చింది. వాల్వును గుర్తులు లేకుండా అందని చోట పెట్టడం, గీతలు లేని గేజీలు, ఆ రకం విమానంతో సరైన పరిచయం లేకపోవడం దోహదం చేశాయంది.

ఆ బిల్డర్ తప్పించుకోవాలనుకున్నది ఎంత ఇంధనాన్ని? ఇలాంటి విమానాల్లో మామూలుగా వాడే అంగుళంలో ఎనిమిదింట మూడు వంతుల అల్యూమినియం పైపులో మీటరు పొడవుకు పట్టేది 50 మిల్లీలీటర్ల లోపు. పైపు తెగితే దాని వెనకున్న ట్యాంకు కూడా కారుతుంది, నిజమే. ఆ భయానికి మందు మంచి పైపు, తక్కువ జాయింట్లు, సరైన క్లాంపులు. మనిషికీ వాల్వుకీ మధ్య దూరం పెంచడం మందు కాదు. బెల్టు గట్టిగా బిగించుకుని, కళ్లు మూసుకుని, విమానం నడపని చేత్తో తిప్పలేని వాల్వు ఎంత భద్రమైన చోట ఉన్నా పనికిరానిదే. ట్యాంకు ఎక్కడన్నది గీసుకునే రోజే వాల్వు ఎక్కడన్నది కూడా గీసుకోవాలి.

రూటన్‌దే ఇంకో విమానం వాయేజర్ 1986లో మధ్యలో ఆగకుండా, ఇంధనం పోసుకోకుండా భూమిని చుట్టింది. దాని టేకాఫ్ బరువులో 72 శాతం ఇంధనమే, 17 ట్యాంకుల్లో. చివరి అంచెలో, ఇల్లు దగ్గరపడ్డాక, ఇంధనం అందక వెనక ఇంజను ఆగిపోయింది. ట్యాంకుల్లో పెట్రోలు ఉంది, ఇంజనుకు రాలేదు. ముందు ఇంజను స్టార్టయ్యేదాకా వేల అడుగులు దిగిపోయారు. తొమ్మిది రోజులు 17 ట్యాంకుల లెక్క చూసిన ఆరితేరిన ఇద్దరు పైలట్లకే ఆ గతి పట్టింది. ఆదివారాలు ఎగిరేవాడికి ప్రతి అదనపు ట్యాంకూ, ప్రతి అదనపు వాల్వూ అవసరమా అని ప్లాను దశలోనే అడగాలి.

నన్ను అడిగితే, మొదటిసారి కట్టేవాళ్లకు రెక్కలో ట్యాంకే నా ఓటు. హై వింగ్ అయితే ఇంకా మంచిది. లో వింగ్ అయితే రెండు పంపులు, చేతి కిందే సెలెక్టర్. ముక్కు ట్యాంకుతో ఉన్న ప్లానే నచ్చితే ఆ ప్లానును ఉన్నదున్నట్టు కట్టాలి. ఇంకో పది లీటర్లు పడితే బాగుండునని పెద్ద ట్యాంకు పెట్టకూడదు. పెద్ద ట్యాంకుతో పైన వేసిన లెక్కలన్నీ మారిపోతాయి, డిజైనర్ వేసిన లెక్కలు ఇక చెల్లవు.

ఇంధనం ఏదన్నది కూడా చోటుతో ముడిపడ్డ విషయమే. రోటాక్స్ 912 బంకు పెట్రోలుతో నడుస్తుంది కాబట్టి మన దేశంలో మైక్రోలైట్లు నడిపేవాళ్లకు అది వరమే. కానీ ఆ ఇంజనుకు అనుమతి ఉన్నది ఇథనాల్ 10 శాతం వరకు. ఇప్పుడు ఆంధ్ర, తెలంగాణ బంకుల్లో దొరికేది 20 శాతం కలిపిన ఈ20. ఇథనాల్ కొన్ని రకాల రెజిన్లను మెత్తబరుస్తుంది. రెక్క ఆకారంలోనే కలిసిపోయేలా ఫైబర్‌గ్లాస్‌తో ట్యాంకు పోత పోసుకుంటే, రెజిన్ కరిగి ఫిల్టరులోకి జిగురులా చేరవచ్చు. విడిగా తీసి మార్చుకునే అల్యూమినియం ట్యాంకుకు ఆ బాధ ఉండదు. ఫైబర్‌గ్లాస్‌తోనే చేయాలంటే, అదే రెజిన్‌తో చేసిన ముక్కను మూత బిగించిన సీసాలో వాడబోయే పెట్రోలులో కొన్ని వారాలు నానబెట్టి, గోటితో గీరి చూడాలి.

కట్టడం అయ్యాక, ఎగరడానికి ముందు ఒక పరీక్ష తప్పదు. 2012 అధ్యయనం తర్వాత ఎన్‌టీఎస్‌బీ కూడా ఇంధన వ్యవస్థకు ఇలాంటి పరీక్ష తప్పనిసరి చేయమని సిఫార్సు చేసింది. 100 గుర్రాల ఇంజను పూర్తి శక్తితో గంటకు సుమారు 32 లీటర్లు తాగుతుంది. గురుత్వాకర్షణతో పారే వ్యవస్థ దానికి ఒకటిన్నర రెట్లు, పంపుతో నడిచేది ఒకటింపావు రెట్లు ఇవ్వగలగాలన్నది పాత నిబంధన. అంటే పంపు లేకపోతే నిమిషానికి 800 మిల్లీలీటర్లు, ఉంటే 670. విమానాన్ని ఆరుబయట, కరెంటుకు, నిప్పుకు దూరంగా నిలబెట్టి, ఎర్త్ వైరు తగిలించాలి. ముందు చక్రం కింద దిమ్మెలు పెట్టి, లేదా వెనక చక్రం విమానమైతే తోకను గుంటలోకి దించి, ఎక్కబోయే కోణం కంటే కాస్త ఎక్కువే ముక్కెత్తాలి. కార్బురేటర్ దగ్గర పైపు విప్పి కొలపాత్రలోకి వదలాలి. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు వచ్చే అంకెను నమ్మకూడదు. అడుగున కొద్దిగా పోసి మొదలుపెట్టి, వాల్వు ఒక్కో స్థానంలోనూ, పక్కన మనిషి చేతిలో గడియారంతో, ధార సన్నబడేదాకా చూడాలి. ధార 800 కంటే, పంపు ఉంటే 670 కంటే, తగ్గిన క్షణంలో ట్యాంకులో ఇంకా మిగిలిన పెట్రోలును బయటికి తీసి కొలవాలి. అది రెండు లీటర్లయినా నాలుగు లీటర్లయినా ఎగరడానికి పనికొచ్చేది కాదు. గేజీ మీద సున్నా గీతను ట్యాంకు అడుగున కాకుండా ఆ మట్టం దగ్గర గీయాలి.